కర్ణికలు: గుండె పైగదుల చరిత్ర

కర్ణికలు గుండె పైభాగంలోని రెండు గదులు. శరీరమంతా తిరిగిన రక్తం బృహత్సిరల గుండా కుడి కర్ణికకు చేరుతుంది. ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన రక్తాన్ని పుపుస సిరలు, సాధారణంగా నాలుగు, ఎడమ కర్ణికకు తెస్తాయి. అక్కడి నుంచి కవాటాలు దాటి కిందనున్న జఠరికల్లోకి దిగేది చాలావరకు తనంతట తానే. కర్ణికలు ముడుచుకుని నెట్టేది చివరి ఐదో వంతో, నాలుగో వంతో. అందుకే వీటి గోడలు పలచన.

ఆ పలచదనం వల్లే కావచ్చు, వీటిని చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్‌కు గుండె అంటే రెండు జఠరికలే. కర్ణికలు సిరల కొనసాగింపు మాత్రమే. గర్భస్థ శిశువుకు కర్ణికల మధ్య ఉండే రంధ్రం పుట్టాక మూసుకుపోతుందని గుర్తించినవాడూ ఆయనే. అంత నిశితమైన చూపున్నవాడి మాట కనుకే శతాబ్దాలపాటు చెల్లింది. లియొనార్డో డావిన్చీ వీటిని విడి గదులుగానే గుర్తించాడు గానీ, ఆ రాతలు ఆయన జీవితకాలంలో అచ్చుకాలేదు.

1628లో ఆంగ్ల వైద్యుడు విలియం హార్వీ పుస్తకంతో దృష్టి మారింది. బతికున్న జంతువుల గుండెల్లో ముందు కర్ణికలు, ఆ వెంటనే జఠరికలు ముడుచుకోవడం ఆయన గమనించాడు. చావు దగ్గరపడినప్పుడు అన్నిటికన్నా చివర ఆగేది కుడి కర్ణికేనని కూడా రాశాడు. ఎందుకలా అన్నది తేలడానికి మరో మూడు శతాబ్దాలు దాదాపుగా పట్టింది. ఇంగ్లండులోని కెంట్‌లో, శరీర నిర్మాణశాస్త్రవేత్త ఆర్థర్ కీత్ పల్లెటూరి ఇంట్లో, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి మోల్ అనే చిన్న జంతువు గుండెను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూ, ఊర్ధ్వ బృహత్సిర కుడి కర్ణికను కలిసేచోట ఒక వింత కణజాలాన్ని చూశాడు. 1907లో ఇద్దరూ దాన్ని ప్రకటించారు. గుండె లయను మొదలుపెట్టే సిరాకర్ణికా కణుపు అదే. శరీర నిర్మాణశాస్త్రంలో ఇంత ముఖ్యమైన అవయవ భాగం ఇంత ఆలస్యంగా దొరకడం అరుదు.

1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుకల కర్ణికల సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కించగా, మూత్రంలో ఉప్పూ నీరూ విపరీతంగా పోయాయి, రక్తపోటు తగ్గింది. రక్తం ఎక్కువై గోడలు సాగినప్పుడు కర్ణికలు ఒక హార్మోనును విడుదల చేస్తాయని అలా బయటపడింది.

వయసు మళ్లినవారిలో తరచూ కనిపించే కర్ణికల దడలో ఈ గదులు ముడుచుకోవడం మాని అదురుతాయి. నిలిచిన రక్తం ఎడమ కర్ణిక తిత్తిలో గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ దడను రేపే సంకేతాలు ఎక్కువగా పుపుస సిరల్లోంచే పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసగేర్ బృందం చూపింది. ఇప్పుడు ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కణజాలాన్ని కాల్చి, లేదా అతిశీతలంతో గడ్డకట్టించి, సంకేతాలను అడ్డుకుంటున్నారు.