చలనచిత్ర నిషేధము – దోషకర్తృత్వ విచారము

ప్రదర్శనమునందలి దోషమునకు బాధ్యుఁ డెవఁడను ప్రశ్న క్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రమునందే దీనికి సంబంధించిన కథలు రెండు గలవు. ప్రథమాధ్యాయమున, ఇంద్రధ్వజోత్సవమునాఁడు భరతపుత్రులు దేవతలు దానవులను జయించిన వృత్తాంతము నభినయింపఁగా, దానవులు కినిసి విఘ్నములతోఁ గూడి నటుల వాక్కును, చేష్టలను, స్మృతిని స్తంభింపఁజేసిరి. ఇంద్రుఁడు ధ్వజదండము గైకొని వారిని జర్జరితులఁ గావించెను. అయినను కలహము తీఱలేదు. కడకు బ్రహ్మ దానవులతో, నాట్యము ఒక పక్షమువారి సొమ్ము గాదనియు, మూఁడులోకముల భావములకును అది యనుకీర్తన మనియు సామవాక్యములఁ దెలిపెను. ఆ గ్రంథాంతమున వచ్చు రెండవ కథలో దోషము నటులదే. వారు ఋషులను బరిహసించు గ్రామ్యప్రయోగమునకుఁ బూనుకొని శాపగ్రస్తులైరి.

మొదటి కథలో ఆక్షేపించినవారిది తప్పు; రెండవ కథలో ప్రయోగించినవారిది తప్పు. ఈ రెంటికిని గల భేదము నెఱుంగుటయే నియంత్రణాధికారికిఁ గావలసిన మొదటి యోగ్యత. చలనచిత్రముల తొలినాళ్లలో అధికార మెవరిచేత నుండెను? ఆ యోగ్యత వారియందుండెనా? ఈ రెండు విషయములను విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీని పారిస్ నగరమున ల్యూమియేర్ సోదరులు రుసుము గైకొని చలనచిత్రములను జూపిరి. 1896 జూలై 7వ తేదీని వారి చిత్రములే బొంబాయి వాట్సన్ హోటలులోఁ బ్రదర్శింపఁబడెను. అనతికాలముననే దేశదేశముల యధికారులకుఁ జింత గలిగినది. అయితే మొదటి చింత నీతినిగూర్చినది గాదు, అగ్నిని గూర్చినది. ఆనాఁటి ఫిలిము నైట్రేటు పదార్థముతోఁ జేయఁబడినది. నిప్పురవ్వ సోఁకినంతనే భగ్గుమని మండెడిది. కావున ఇంగ్లండులో 1909వ సంవత్సరపుఁ జట్టము ప్రదర్శనశాలలకు లైసెన్సును విధించినది. ప్రేక్షకుల ప్రాణరక్షణమే దాని యుద్దేశము. కాని లైసెన్సు నిచ్చు స్థానికాధికారులు క్రమముగా ఆ లైసెన్సునే యాధారముగాఁ జేసికొని చిత్రముల విషయమును గూడ శాసింపఁ జొచ్చిరి. అగ్నిభయమున కేర్పడిన ద్వారముననే నీతిశాసనము లోపలఁ బ్రవేశించినది. ఇది చరిత్రకారులు మఱవరాని యంశము.

అమెరికాలో మార్గము వేఱు. చికాగో నగరము 1907లోనే, పోలీసు అధికారి యనుమతి లేనిదే చిత్రమును జూపరాదని శాసించెను. న్యూయార్కు నగరాధ్యక్షుఁడు 1908 డిసెంబరు 24వ తేదీని నగరమందలి చిత్రశాలల లైసెన్సుల నన్నిటిని రద్దుచేసెను. దానికిఁ దల్లడిల్లిన వర్తకులు సంఘసంస్కర్తలతోఁ గలిసి 1909లో స్వచ్ఛంద పరిశీలకమండలి నొకదానిని నెలకొల్పుకొనిరి. 1915లో ఒహాయో రాష్ట్రపు వ్యాజ్యెమున అమెరికా సర్వోన్నతన్యాయస్థానము, చలనచిత్రప్రదర్శనము కేవలవ్యాపారమనియు, పత్రికలకుఁ గల స్వాతంత్ర్యము దానికి వర్తింపదనియు నిర్ణయించెను. ఆ నిర్ణయము 1952 వఱకు నిలిచినది. ఇంగ్లండులో వర్తకులే 1912లో నెలకొల్పిన పరిశీలకమండలికి మొదట రెండే నియమములు: నగ్నత్వము చూపరాదు, క్రీస్తుమూర్తిని వేషముతోఁ జూపరాదు. 1916 నాఁటికి ఆ రెండును పెరిగి నలువదిమూఁడు నిషేధహేతువులుగాఁ బరిణమించెను. ఉత్సర్గము చిన్నదై అపవాదములు పెరుగుట వ్యాకరణమున నెఱిఁగినదే. కాని యిచట అపవాదములే శాస్త్రమైనవి.

మన దేశమున 1913లో దాదాసాహెబు ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' చిత్రమును వెలువరించెను. సత్యవాక్యపరిపాలనమే ప్రథమ భారతీయచిత్రమునకు వస్తు వగుట శుభసూచకమే. ఐదేండ్లకు, అనఁగా 1918లో, సినిమాటోగ్రాఫు చట్టము పుట్టినది. ప్రేక్షకులను అగ్నిప్రమాదమునుండి కాపాడుట, అనుచితచిత్రములను నివారించుట అను రెండుద్దేశములు నందుఁ గలవు. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూను నగరములందు సెన్సారుబోర్డు లేర్పడినవి. వానికి నగర పోలీసు కమీషనరే యధ్యక్షుఁడు. దొంగలను, జూదరులను అరికట్టు యధికారికే రసవిచారము గూడ నప్పగింపఁబడినది.

ఆ చట్టమున రెండు విశేషములు గమనింపఁదగినవి. మొదటిది: చిత్రము బహిరంగప్రదర్శనమునకుఁ దగినదైనచో సర్టిఫికెట్టు నీయవలెనని యున్నదే కాని, 'తగినది' యనఁగా నేమో చట్టము నిర్వచింపలేదు. లక్షణము చెప్పక లక్ష్యమును నిర్ణయింపుమనుట యిది. బోర్డులు ఇంగ్లండుమండలి పట్టికను బోలిన పట్టికలను వ్రాసికొని యా లోపమును బూరించుకొనినవి. రెండవది: ఒక బోర్డిచ్చిన సర్టిఫికెట్టు దేశమంతటఁ జెల్లునని చెప్పుచునే, ఏ జిల్లా మేజిస్ట్రేటైనను, పోలీసు కమీషనరైనను తన యధికారపరిధిలో దానిని నిలుపుదల చేయవచ్చునని యా చట్టమే చెప్పినది. ఒక చేత నిచ్చినదానిని వేఱొక చేతఁ దీసికొనుటకు వీలు కల్పింపఁబడినది.

ఈ యేర్పాటు ఫలము మఱుసటియేఁటనే కనఁబడినది. 1921లో బొంబాయి కోహినూరు కంపెనీవారు కాంజీభాయి రాథోడు దర్శకత్వమున 'భక్త విదుర' చిత్రమును నిర్మించిరి. కథ భారతమునందలిది. విదురపాత్రను ధరించినవాఁడు ఆ కంపెనీ యజమానులలో నొకఁడగు ద్వారకాదాసు సంపత్తు. అతఁడు ఖద్దరు ధరించి, శిరమున గాంధీటోపీ పెట్టికొని తెఱపైఁ గనఁబడెను. అది సహాయనిరాకరణోద్యమము దేశమంతట వ్యాపించియున్న కాలము. బొంబాయిలోఁ బ్రదర్శింపఁబడిన యా చిత్రము మద్రాసులోను కరాచీలోను నిషేధింపఁబడెను.

ఈ నిషేధమును ఆలంకారికదృష్టితోఁ జూచిన నొక విచిత్రము తోఁచును. వాచ్యార్థమున అందు దోష మేమియు లేదు. అధర్మమునకు దిగిన రాజునకు హితము చెప్పి, వినకుండుటచేఁ దొలఁగిన విదురుని కథ ప్రతి యింటను దెలిసినదే. దోషమని తోఁచినది వ్యంగ్యార్థము. ఆ వ్యంగ్యమునకు వ్యంజకము వాక్యము గాదు, పదము గాదు, ఒక టోపీ. అధికారులు సహృదయుల వలెనే యా ధ్వనిని గ్రహించిరి. కాని కత్తెరకు వాచ్యమే చిక్కును, వ్యంగ్యము చిక్కదు. కనుక చిత్రమంతయు నిలుపవలసివచ్చినది. నిలిపినపిదప, అంతవఱకు విదురునియందు విదురునే చూచినవాఁడు సయితము, ఇందు వేఱర్థ మున్నదని తెలిసికొనెను. నిషేధాజ్ఞయే యా చిత్రమునకుఁ బ్రసిద్ధవ్యాఖ్యాన మైనది.

దీనిప్రక్కనే మన తొలి తెలుఁగు వాక్చిత్రమగు 'భక్త ప్రహ్లాద'ను నిలిపి చూడవలెను. హెచ్. ఎం. రెడ్డిగారు దర్శకత్వము వహించిన యీ చిత్రము 1931 సెప్టెంబరులో వెలువడెనని చిరకాలము వాడుక. పరిశోధకులు సెన్సారుపత్రముల నాధారముగాఁ గొని, 1932 జనవరి 22వ తేదీని బొంబాయిలో సెన్సారు ముగిసి, ఫిబ్రవరి 6వ తేదీని చిత్రము విడుదలయ్యెనని నిర్ణయించిరి. ఖండించుటకై పుట్టిన కచ్చేరీ వ్రాఁతలే యిచట చరిత్రను రక్షించినవి. అంతకన్న విశేషము కథయందే కలదు. రాజాజ్ఞచేత నిషిద్ధమైన నామమును విడువనొల్లని బాలుని కథ ప్రహ్లాదచరిత్రము. రాజాజ్ఞోల్లంఘనమునందుఁ బ్రహ్లాదుఁడు విదురునకు మిక్కిలి. అయినను ప్రహ్లాదుఁడు సెన్సారుద్వారమును దాఁటెను, విదురుఁ డాఁగెను. దీనిచే నాఁటి యధికారులు పరీక్షించినది ధర్మాధర్మములను గాదనియు, తమకుఁ దగులునా తగులదా యనుటనే యనియు స్పష్టమగుచున్నది.

పరిపాలకులకు వేఱొక చింతయు నుండెను. అమెరికాచిత్రములలోని చుంబనాదులను, దొంగతనములను జూచి భారతీయులు పాశ్చాత్యస్త్రీలయెడ గౌరవము కోలుపోవుదురని పలువురు తెల్లవా రాందోళనపడిరి. ఇంగ్లండుచిత్రములకు మన దేశమున వ్యాపారము పెంపవలెనను కోరికయు దానితోఁ గలిసినది. తత్ఫలముగా 1927లో భారత సినిమాటోగ్రాఫు కమిటీ నియమింపఁబడెను. అధ్యక్షుఁడు మద్రాసు న్యాయవాది దివాన్ బహదూర్ టి. రంగాచారియారు, సభ్యులలో మువ్వురు భారతీయులు, మువ్వు రాంగ్లేయులు. వారు దేశమంతయుఁ దిరిగి 353 మంది సాక్షులను విచారించి 1928లో నివేదికను సమర్పించిరి. పాశ్చాత్యచిత్రములు జనులను జెఱచుచున్నవను ఆక్షేపణమునకుఁ దగిన యాధారము లేదని వారు తేల్చిరి. ఇంగ్లండుచిత్రములకుఁ బక్షపాతము చూప నక్కఱలేదనియు, దేశీయచిత్రములకుఁ జేయూఁత నీయవలెననియు సూచించిరి. నివేదిక ప్రభుత్వమువారి కోరికకు భిన్నమగుటచేఁ గాఁబోలు, సూచనలు చాలవఱకు నమలునకు రాలేదు.

తెలుఁగునాఁట ఈ ప్రశ్న గూడవల్లి రామబ్రహ్మముగారి చిత్రములతోఁ దీవ్రరూపము దాల్చినది. 1938లో ఆయన సారథీ సంస్థ పక్షమున 'మాలపిల్ల'ను వెలువరించెను. అస్పృశ్యతానివారణము వస్తువు, కథ గుడిపాటి వెంకటచలముగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. ఆచారపరులకది సమ్మతము గాలేదు. నీతి యనఁగా నాచారమే యైనచో ఆ చిత్రము నీతిబాహ్యము. నీతి యనఁగా ధర్మమైనచో అదియే నీతిబోధకము. అధికారులు దాని నాఁపలేదు, ప్రజ లాదరించిరి. మఱుసటియేఁట, 1939లో 'రైతుబిడ్డ' వచ్చెను. జమీందారీ పీడనము దాని వస్తువు. సారథీ సంస్థకు ధనము సమకూర్చినవారు స్వయముగా జమీందారులగు చల్లపల్లి రాజావా రగుట గమనింపఁదగును. ఇతర జమీందారు లాగ్రహించి యాక్షేపింపఁగా, కొన్నిచోటుల నా చిత్రముయొక్క ప్రదర్శనము నిషేధింపఁబడెను. విదురుని నిలిపినది రాజ్యభయము. రైతుబిడ్డ నాఁపినది ధనబలము. నాట్యశాస్త్రమునందలి మొదటి కథ మరల జరిగినది. కాని దానవులకు సామము చెప్పిన బ్రహ్మ యిచట లేఁడు.

ఇచట పూర్వపక్షము నుపేక్షింపరాదు. కావ్యమును జదువువాఁడు అక్షరజ్ఞుఁడు, వివేకి. చిత్రమును జూచువారిలో బాలురును, నిరక్షరులును గలరు. చీఁకటిలోఁ గూర్చుండి కంటితోఁ జూచినది మనస్సున నాఁటుకొనును. కావున రెంటికి నొకే న్యాయము పనికిరాదని వారి వాదము. ఇది త్రోసివేయఁదగినది గాదు. మన శాస్త్రకారులును దృశ్యమునకు శ్రవ్యమునకు లేని కట్టుబాటును విధించిరి. వధ, యుద్ధము, రాజ్యవిప్లవము, సురతము మొదలగువానిని రంగమునఁ బ్రత్యక్షముగాఁ జూపరాదనియు, కావలసినచోఁ బ్రవేశకవిష్కంభాదులచే సూచింపవలెననియు దశరూపకకారుఁడు చెప్పెను. అయితే ఆ నియమ మెవరి కుపదేశింపఁబడినది? కవికిని, ప్రయోక్తకును. దండాధికారికిఁ గాదు. సంయమము రచనలోఁ బుట్టవలెనే కాని రచన ముగిసినపిదప పైనుండి పడరాదని తాత్పర్యము.

వైయాకరణులు క్రియయందు స్వతంత్రుని కర్త యనియు, వానిని బ్రేరేపించువానిని హేతు వనియు వ్యవహరింతురు. ప్రేరణార్థమున హేతువు సయితము కర్తయే. కాని ప్రేరితుని స్వాతంత్ర్యము దానిచే నశింపదు. చిత్రమును జూచి యొకఁడు దుష్కార్యము చేసినచో, చేసినవాఁడు స్వతంత్రకర్త; చిత్రకారుఁడు ప్రేరేపించెనని రుజువైనచో హేతుకర్త. కర్త నిర్దోషి యనుట యెట్లు పొసఁగదో, హేతువునకు బాధ్యత లేదనుటయు నట్లే పొసఁగదు. నడుమ సెన్సారుబోర్డు ప్రవేశించినప్పుడు ఈ సంబంధము చెడును. చిత్రకారుఁడు 'ఇది మంచిదా?' యని తన్నుఁ దా నడుగుకొనుట మాని, 'ఇది బోర్డు దాఁటునా?' యని యడుగును. దాఁటినపిదప దోషము తనది గాదని చేతులు కడుగుకొనును. ప్రేక్షకుఁడు ప్రభుత్వమువారే యంగీకరించిరి గదా యని తన వివేకమును నిద్రపుచ్చును. బోర్డు చట్టమును జూపును. ముగ్గురి నడుమ దోషము నిరాశ్రయమై తిరుగును. సెన్సారువలనఁ గలిగిన గొప్ప హాని ఖండింపఁబడిన ఫిలిములోఁ గాదు, ఇట్లు జాఱిపోయిన బాధ్యతలోఁ గలదని మా యభిప్రాయము.

స్వాతంత్ర్యానంతరము 1951లో బోర్డులు పోయి యొకే కేంద్రమండలి యేర్పడెను. 1952 చట్టము నిషేధహేతువులను బేర్కొని, 1918 చట్టమున లేని లక్షణమును గొంతవఱకుఁ జెప్పినది. 1970లో కె. ఏ. అబ్బాసుగారి వ్యాజ్యెమున సర్వోన్నతన్యాయస్థానము ముందుగాఁ బరిశీలించుట రాజ్యాంగసమ్మతమే యని నిర్ణయించుచు, నియమములు స్పష్టముగా నుండవలెనని చెప్పినది. 1983లో మండలి పేరునుండి 'సెన్సారు' శబ్దము తొలఁగి 'సర్టిఫికేషను' శబ్దము నిలిచినది. 1989లో రంగరాజన్ వ్యాజ్యెమున ఆ న్యాయస్థానమే, అనుమతి పొందిన చిత్రమును నిరసనభయముచే నాఁపుట తగదని తీర్పు చెప్పెను. రైతుబిడ్డకు లభింపని న్యాయము ఏఁబదియేండ్లకు వేఱొక చిత్రమునకు లభించినది.

కావున బాలుర రక్షణమునకై వయోభేదమును జెప్పి చిత్రములను విభజించుట యుక్తమే. ప్రత్యక్షహింసకుఁ బురికొల్పినచో న్యాయస్థానమున విచారించి దండించుటయు యుక్తమే. కాని రాజును గాని, ధనికుని గాని, ఆచారమును గాని నొప్పించెనను హేతువుచేఁ జిత్రమును నిలుపుట నీతిరక్షణము గాదు. పేరు మాఱినంతమాత్రమున ధాత్వర్థము మాఱదు. 'తగినది' యను శబ్దమునకు నిర్దుష్టలక్షణము చెప్పి, తగదని నిర్ణయించినవాఁడు కారణమును వ్రాసి చేవ్రాలు చేయునట్లైనచో, దోషమునకును, దోషారోపణమునకును గూడఁ గర్త దొరకును. పండితు లీ విషయమును విమర్శించి మా పొరపాటులను దెలుపుదురు గాక.