కూలి లెక్కలో లేని ఇల్లాలు

ఫ్యాక్టరీల కాలంలో కుటుంబానికి మిగిలినవి పిల్లల పెంపకం, పెద్దల మనసుకు ఆదరణ, ఈ రెండేనని అమెరికా సామాజికవేత్త టాల్కాట్ పార్సన్స్ 1955లో రాశారు. మన ధర్మవరంలో ఇల్లే పనిశాల. భర్త మగ్గం గుంతలో కూర్చుంటే భార్య కండెలు చుడుతుంది, పడుగు సరిచేస్తుంది, మధ్యలో లేచి పొయ్యి చూసుకుంటుంది. హిందూపురం, పెనుకొండ పక్క పట్టుపురుగుల పెంపకమూ ఇంటిల్లిపాది పనే. కూలి మాత్రం చీరకింత అని ఒక్కరి చేతికే. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టేవారు. లూకా ఇద్దరి పేర్లూ రాశాడు. కొన్ని రకాల బట్టలను చేతిమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. అయినా మరమగ్గాలు ఆగలేదు. అప్పులు పెరిగాయి, ధర్మవరంలో నేతన్నల ఆత్మహత్యలూ చూశాం. ఆ తర్వాత అప్పులవాళ్లు వచ్చేది, కూలి లెక్కలో పేరే లేని ఆ ఇల్లాలి గడపకే.