అచ్చు గుద్దినట్టు

ఈసారి ఒక మాటతో మొదలుపెడతాను: అచ్చు. అక్షరాలు నేర్చుకున్నప్పుడు అచ్చులంటే అ, ఆ, ఇ, ఈ అని తెలిసింది. తర్వాత ఎక్కడో "ఈ పుస్తకం 1935లో అచ్చయింది" అని చదివి, పుస్తకం అక్షరం ఎలా అవుతుందబ్బా అని ఆగిపోయాను. ఆ తర్వాత తెనాలి నుంచి అత్తయ్య వీడియో కాల్‌లో నా ముఖం చూసి, "అచ్చు గుద్దినట్టు మా అమ్మే" అంది. అంటే నేను మా నాయనమ్మకి కాపీని అన్నమాట.

నాలాగే పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు ఈ మాట రాసిపెట్టుకోండి. ఎందుకంటే ఈ రోజు నేను రాయబోయేది అచ్చు గుద్దినట్టు ఉండని అచ్చుల గురించి. ఇక్కడ అమెరికాలో ఫొటో ప్రింట్లను పెయింటింగుల్లాగా కొని దాచుకునేవాళ్ళు ఉన్నారు. "ఇన్ని ప్రింట్లే తీస్తాం, ఆ తర్వాత తీయం" అని చెప్పి, ఒక్కోదాని మీద నంబరు వేసి అమ్మితే దాన్ని లిమిటెడ్ ఎడిషన్ అంటారు.

ఎనిమిదేళ్ళ కిందట నేనూ ఒకటి కొన్నాను. మొదటి ఉద్యోగం, మొదటి బోనస్. శాక్రమెంటో నుంచి సముద్రం చూడడానికి వెళ్ళి, దారిలో ఒక టూరిస్టు ఊళ్ళో గ్యాలరీలోకి అడుగుపెట్టాను. పొగమంచులో సైప్రస్ చెట్టు. మూలన పెన్సిల్‌తో 137/950 అని ఉంది. ధర తొమ్మిది వందల డాలర్లు. "ఇవి అయిపోతే ఇక దొరకవు" అన్నాడు అమ్మే ఆయన. ఇంటికి తెచ్చాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ నంబరు చదివారు. "తొమ్మిది వందల యాభై ఇళ్ళల్లో ఇదే ఉంటే, ఇది అపురూపం ఎలా అవుతుందే?" అన్నారు. నాకు కోపం వచ్చింది. రెండేళ్ళ తర్వాత అదే చెట్టు, ఇంకొంచెం పెద్ద సైజులో, మరో 950 ప్రింట్ల "కొత్త ఎడిషన్"గా అమ్మకానికి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఈసారి నాన్న మీద కాదు.

ఆ కోపంలోనే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ఈ నంబర్లు ఫొటోల కోసం పుట్టినవి కావు. రాగి రేకు మీద బొమ్మ గీసి, సిరా పూసి, కాగితం మీద ఒత్తే ఎచింగ్‌లు ఉంటాయి. ఒత్తినకొద్దీ రేకు అరుగుతుంది, గీతలు మొద్దుబారతాయి. కాబట్టి ముందు తీసినవి చివరివాటికంటే మేలు. పని అయ్యాక మళ్ళీ ఎవరూ వాడకుండా రేకు మీద అడ్డంగా గీత గీసి పాడుచేసేవాళ్ళు కూడా. అక్కడ నంబరుకు అర్థం ఉంది. ఫొటో నెగటివు అలా అరగదు. జాగ్రత్తగా ఉంచితే వెయ్యో ప్రింటు కూడా మొదటిదంత బాగా వస్తుంది. అంటే ఫొటోలో "ఇన్నే" అనేది ఒకరు ఇచ్చే మాట, అంతే. ఇచ్చినవాళ్ళు నిలబెట్టుకోవాలి.

ఎడ్వర్డ్ వెస్టన్ ఈ మాట ఇచ్చి చూశాడు. 1930లో ఆయన ఒక క్యాప్సికాన్ని రేకు గరాటులో పెట్టి ఫొటో తీశాడు. దాని పేరు పెప్పర్ నంబర్ 30. (ఈ 30 ఎడిషన్ నంబరు కాదు, ఆయన తీసిన మిరపకాయల లెక్క. నేను మొదట పొరబడ్డాను.) ప్రింట్ల మీద 4/50 లాంటి అంకెలు వేశాడు, అంటే యాభైలో నాలుగోది. కాని చాలా బొమ్మలకు ఆ యాభై ఎప్పుడూ పూర్తి కాలేదు. తర్వాత పార్కిన్సన్ జబ్బు వచ్చింది. 1948 తర్వాత ఆయన కొత్త ఫొటోలు తీయలేదు. 1958లో ఆయన పోయాక, చిన్న కొడుకు కోల్ తండ్రి ఇచ్చిన అనుమతితో ఆ నెగటివుల నుంచి ప్రింట్లు చేసి అమ్మాడు. ఒకే మిరపకాయ, ఒకే నెగటివు. తండ్రి చేతి ప్రింటు ధర వేలంలో లక్ష డాలర్లు దాటుతుంది. కొడుకు చేతి ప్రింటుకు అందులో చిన్న భాగమే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆన్సెల్ ఆడమ్స్ కథ. 1941లో ఒక సాయంత్రం ఆయన న్యూ మెక్సికోలో కారులో శాంటా ఫే వైపు తిరిగి వస్తున్నాడు. పక్కన కొడుకూ, ఒక స్నేహితుడూ. రోడ్డు పక్కన హెర్నాండెజ్ అనే చిన్న ఊరు, దాని మీద చంద్రుడు, సమాధుల మీద తెల్ల శిలువలకు చివరి ఎండ. కారు ఆపి, పెద్ద కెమెరా నిలబెట్టాడు గాని వెలుతురు కొలిచే మీటరు కనిపించలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకు అంకెల్లో గుర్తుంది. దాన్ని బట్టి మనసులో లెక్క వేసి ఒక్క ఫొటో తీశాడు. రెండోది తీసేలోపే శిలువల మీద ఎండ పోయింది.

అంటే నెగటివు ఒక్కటే. దాని నుంచి ఆయన జీవితంలో చేసిన ప్రింట్లు 1,300 పైనే. నా చెట్టు 950 అంటే నాన్న నవ్వారు కదా, మరి ఇదేమిటి?

ఇక్కడే అసలు సంగతి. ఆ నెగటివు ప్రింటు చేయడానికి చాలా కష్టమైనది. నేల భాగం పల్చగా వచ్చింది. 1948లో ఆయన ఆ భాగాన్ని రసాయనంలో ముంచి గట్టిపరిచాడు. తొలి రోజుల ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో, పైన మబ్బు చారలతో ఉంటుంది. తర్వాతి వాటిలో ఆకాశం నల్లబడుతూ పోయింది. చివరివాటిలో దాదాపు కాటుక నలుపు. చిన్నప్పుడు ఆయన పియానో వాయించేవాడు. నెగటివు స్వరలిపి లాంటిదనీ, ప్రింటు కచేరీ లాంటిదనీ అనేవాడు. ఒకే కీర్తన ఒకే మనిషి ఇరవై ఏళ్ళకు పాడినట్టూ, అరవై ఏళ్ళకు పాడినట్టూ ఉంటుందా? అందుకే కొనేవాళ్ళు నంబరు అడగరు. ఏ సంవత్సరం ప్రింటు అని అడుగుతారు. ఫొటో తీసిన తేదీ వేరు, ప్రింటు చేసిన తేదీ వేరు. 1948 నాటి ఒక ప్రింటు 2006లో న్యూయార్క్ వేలంలో 6,09,600 డాలర్లకు పోయింది. పాపం, ఆడమ్స్‌కు తేదీలే గుర్తుండేవి కావు. ఈ ఫొటోకే వేర్వేరు చోట్ల వేర్వేరు సంవత్సరాలు చెప్పాడు. చివరికి చంద్రుడి స్థానాన్ని కంప్యూటర్‌లో లెక్కవేసి, అది నవంబర్ 1 అని ఖగోళశాస్త్రం తెలిసినవాళ్ళు తేల్చారు.

1975 చివరి తర్వాత ప్రింట్ల ఆర్డర్లు తీసుకోనని ఆయన ముందే చెప్పాడు. జనం ఎగబడ్డారు. ఆ ఆర్డర్లు పూర్తి చేయడానికి ఏళ్ళు పట్టింది. అదీ ఒక రకం పరిమితే, కాని అది ఒక ముసలాయన ఒంట్లో ఓపిక పెట్టిన పరిమితి. పరిమితి కోసం పరిమితి కూడా ఆయన ఒకసారి చేసి చూశాడు. 1970ల్లో ఒక ప్రచురణకర్త కోసం చేసిన పోర్ట్‌ఫోలియో పూర్తయ్యాక, చెక్కులు రద్దు చేసే బ్యాంకు యంత్రంతో ఆ నెగటివులకు చిల్లులు పొడిపించాడు. ఆ తర్వాత బాధపడ్డాడు.

బ్రెట్ వెస్టన్ బాధపడలేదు. ఈయన ఎడ్వర్డ్ రెండో కొడుకు, తనే పెద్ద ఫొటోగ్రాఫర్. తన నెగటివులు తను తప్ప ఎవరూ ప్రింటు చేయకూడదని పట్టు. 1991 డిసెంబర్‌లో, తన ఎనభయ్యో పుట్టినరోజున, చలి కాచుకునే పొయ్యిలో వాటిని దాదాపు అన్నిటినీ తగలబెట్టాడు. తమ్ముడు తండ్రి నెగటివులతో ఏళ్ళ తరబడి ప్రింట్లు చేయడం చూసినవాడు మరి. ఈ అన్నదమ్ముల్లో ఎవరిది సరైన పని అని నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు కోల్ వైపే మొగ్గు.

నా చెట్టుకు జరిగింది ఇంకా పెద్దవాళ్ళకూ జరిగింది. మెంఫిస్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగుల్‌స్టన్ తీసిన మూడు చక్రాల సైకిల్ ఫొటో చాలా ప్రసిద్ధి. పాత రంగుల పద్ధతిలో చేసిన లిమిటెడ్ ఎడిషన్ ప్రింటును జోనథన్ సోబెల్ అనే సేకర్త రెండున్నర లక్షల డాలర్లకు కొన్నాడు. 2012లో అదే ఫొటోను పెద్ద సైజు డిజిటల్ ప్రింటుగా వేలం వేస్తే 5,78,500 డాలర్లు వచ్చింది. ఆయన కోర్టుకు వెళ్ళాడు. సైజు వేరు, పద్ధతి వేరు, కాబట్టి ఇది వేరే ఎడిషన్ అని 2013లో కేసు కొట్టేశారు. చదివి నేను హాయిగా నవ్వుకున్నాను. రెండున్నర లక్షలు పెట్టినవాడే ఓడిపోతే నా తొమ్మిది వందలు ఎంత!

నాన్న చదువుకున్నది హైదరాబాద్‌లో. అందుకని ఒకసారి రాజా దీన్‌దయాళ్ పాత ప్రింటు ఒకటి ఆయనకు చూపించాను, ఆన్‌లైన్లోనే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది. బొమ్మ అడుగున పేరూ, నాలుగంకెల నంబరూ ఉన్నాయి. "అమ్మో, ఇన్ని కాపీలా?" అన్నాను. కాదు. అది నెగటివు నంబరు. గిరాకీ ఆ నంబరు చెబితే మళ్ళీ ప్రింటు తీసి ఇచ్చేవాళ్ళు. ఎవరికీ "ఇన్నే" అని మాట ఇవ్వలేదు. ఆయన గాజు నెగటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 1989లో వాళ్ళు కొన్నారు.

అది చూశాకే నాన్న లేచి వెళ్ళి ఒక బిస్కట్ డబ్బా తెచ్చారు. తెనాలిలో ఒక స్టూడియో మూసేస్తున్నప్పుడు తాతయ్య అడిగి తెచ్చుకున్న నెగటివులట. అందులో నాయనమ్మ ఒకటి. ఇంట్లో ఉండే ప్రింటు ఎప్పుడో చెదలు తినేసింది. నేను ఒక కమ్యూనిటీ కాలేజీలో డార్క్‌రూమ్ క్లాసులో చేరాను. మొదటి ప్రింటులో చీర అంచు నల్లటి ముద్ద. రెండోదానికి అట్టముక్క అడ్డం పెట్టి అంచు తేల్చాను, ముఖం పాలిపోయింది. ఐదు చేశాను. ఏ రెండూ ఒకటి కావు. నాన్న ఐదూ టేబుల్ మీద పరిచి, చాలాసేపు చూసి, మూడోది తీసి పక్కన పెట్టారు. "ఇందులో అమ్మ ఉంది" అన్నారు. నెగటివు ఒకటే కదా నాన్నా అని నేను అనలేదు.

ఆ మూడోదాన్ని అత్తయ్యకు పంపాం. మొన్న ఫోను చేసి, చిన్నాన్న వాళ్ళకొకటి, పెద్దత్తయ్య వాళ్ళకొకటి, పక్కింటావిడ కూడా అడుగుతోంది, మొత్తం ఆరు కావాలి అంది. వచ్చే శనివారం డార్క్‌రూమ్ ఖాళీగా ఉందట.