ఏడో రోజున బయటపడిన నిజం

లిబ్రియం అమ్మకానికి వచ్చిన 1960 నుంచి ఆరున్నర దశాబ్దాలు గడిచినా, బెంజోడయజెపైన్లనే ఆ ప్రశాంతత మాత్రల కుటుంబంలో ఏది ఎక్కువగా అలవాటు చేస్తుందన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. నల్లమందు ఏలిన శతాబ్దాలను, 19వ శతాబ్దపు బ్రోమైడ్లను, 1903లో మొదలైన బార్బిచ్యురేట్లను దాటి వస్తే, మోతాదు మించితే ప్రాణం తీసే ఆ మందుల తర్వాత రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్ రూపొందించిన లిబ్రియం, 1963 నాటి వేలియం ఎందుకంత ఆదరణ పొందాయో తెలుస్తుంది.

ఆ సంబరం తొలినాళ్లలోనే, 1961లో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యుడు లియో హాలిస్టర్ ఒక పరిశీలన ప్రచురించారు. రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల భారీ మోతాదులో నెలల తరబడి లిబ్రియం వాడిన మానసిక రోగుల్లో 11 మందికి దాన్ని ఒక్కసారిగా ఆపి మందు లేని మాత్రలు ఇవ్వగా, 10 మందిలో కుంగుబాటు, అలజడి, నిద్రలేమి వంటి లక్షణాలు కొన్ని రోజులు ఆగి తలెత్తాయి. ఇద్దరికి ఏడు, ఎనిమిదో రోజుల్లో మూర్ఛ వచ్చింది. రక్తంలో మందు సగానికి తగ్గే వ్యవధిని అర్ధాయువు అంటారు. అది దీర్ఘంగా ఉండడమే ఈ జాప్యానికి కారణం. మూడో రోజే లెక్క ముగించి ఉంటే, లిబ్రియానికి నిర్దోషిగా ధ్రువపత్రం దక్కేదేమో!

ఇదే కుటుంబంలో అర్ధాయువు సుమారు 11 గంటలే ఉన్న ఆల్ప్రజోలం, 10 నుంచి 20 గంటలున్న లోరజెపం ఆపితే బాధ త్వరగా, తీవ్రంగా వస్తుంది. అలాగని, వేలియంగా అమ్మిన, అర్ధాయువు దీర్ఘమైన డయజెపం సాధువు కాదు. కొవ్వులో సులభంగా కరిగి మెదడుకు వేగంగా చేరే ఆ మందు, నెమ్మదిగా పనిచేసే ఆక్సజెపం కంటే దుర్వినియోగదారులకు ప్రియమైనది. అంటే మందు కోసం మనసు పడే ఆరాటానికీ, ఆపినప్పుడు శరీరం పడే బాధకూ కొలతలు వేరు.

1988లో బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ ఈ మందుల వాడకాన్ని 2 నుంచి 4 వారాలకు పరిమితం చేయాలని సూచించగా, న్యూకాజిల్‌లో వైద్యురాలు హెదర్ ఆష్టన్ రోగులను అదే డయజెపంకు మార్చి, దాని దీర్ఘ అర్ధాయువు ఆసరాతో మెల్లమెల్లగా మాన్పించారు. 2020లో అమెరికా ఈ మందులన్నిటికీ ఉమ్మడి హెచ్చరిక జతచేసింది. తెలంగాణలో ఆల్ప్రజోలం, డయజెపం కలిపిన కల్తీ కల్లు దగ్గర మాత్రం ఈ తూకాలేవీ నిలవవు. తాగినవారికి మందు పేరు తెలియదు, మోతాదు తెలియదు, కల్లు ఆగాక వణుకుతోనో మూర్ఛతోనో ఆసుపత్రికి చేరినప్పుడు వైద్యుడు ఎక్కడి నుంచి తగ్గించుకుంటూ రావాలో అంచనా వేయవలసిందే.