పాంచాలంకురిచ్చి మట్టికోట

మన పుదూరుకు దక్షిణమున, ఒట్టపిడారము చెంత పాంచాలంకురిచ్చి కలదు. విహారయాత్రకు పోయిన విద్యార్థులు అక్కడి రాతికోటను చూచి, వీరపాండ్య కట్టబొమ్మన కోట యిదియే యని తలతురు. అది 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టించిన స్మారకము. అసలు కోట మట్టికోట. దాని పునాదులు సమీపముననే యున్నవి. వాటిని చూడక మరలివచ్చినవారు కోటను చూడనట్లే.

మదురనేలిన విశ్వనాథ నాయకుని కాలమున ఏర్పడిన పాళెముల వ్యవస్థలో పాంచాలంకురిచ్చి యొకటి. పాలకులు తెలుగు మాటలాడు రాజకంబళ నాయకులు, కులదైవము జక్కమ్మ. కట్టబొమ్మన తమ్ముడు ఊమైదురై పేరులోని 'దురై' కూడ మన 'దొర'యే.

ఈ కోట కొలతలు మనకు తెలియుట శత్రువు వలననే. ముట్టడిలో పాల్గొన్న జేమ్స్ వెల్ష్ అను సేనాని వాటిని వ్రాసియుంచెను. రెండు వైపుల సుమారు 500 అడుగులు, తక్కిన రెండు వైపుల 300 అడుగులు. గోడ యెత్తు 12 అడుగులు. చిన్న చదరపు బురుజులు. చుట్టును దట్టమైన ముండ్లకంచె. కందకము లేదు. ఇంతటి చిన్నకోట ఫిరంగులకెట్లు నిలిచెనని సందేహము కలుగవచ్చును. గుండు తగిలిన రాతిగోడ పగులును. బాగుగా మెదిపి కట్టిన జిగటమట్టిలో గుండు దిగబడును. పడిన గండిని ఊరివారే పూడ్చుకొనవచ్చును.

1799 సెప్టెంబరు 5న బానర్‌మన్ సేన దాడి చేసి విఫలమయ్యెను. తరువాత కోటను విడిచిపోయిన కట్టబొమ్మన పట్టుబడి, అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడెను. కుంపిణీవారు కోటను నేలమట్టము చేసిరి. 1801 ఫిబ్రవరిలో ఊమైదురై పాళయంకోట చెరనుండి తప్పించుకొని వచ్చెను. కొలది దినములకే అక్కడికి చేరిన ఆంగ్లసేనకు మరల లేచిన గోడలు, వాటిపై జనము కనబడి విస్మయము గొలిపినవి. రాతికోటయైనచో అది సాధ్యమయ్యెడిదా? మార్చి 31న జరిగిన దాడిని పొడవాటి ఈటెలతో తిప్పికొట్టిరి. అదనపు బలములతో కర్నల్ ఆగ్న్యూ వచ్చిన పిమ్మట, మే 24న గాని కోట పడలేదు.

ఎట్టయాపురము పాళెగాండ్రును తెలుగువారే. వారు కుంపిణీ పక్షమున నిలిచి, పిదప పాంచాలంకురిచ్చి భూములలో భాగము పొందిరి. మన సంచికలో దీనిని దాచవలసిన పని లేదు.

ఊమైదురైని ఆ యేడు నవంబరులో పాంచాలంకురిచ్చిలోనే ఉరితీసిరి. కోటను దున్నించి ఆముదపు విత్తనములు చల్లించిరని ప్రతీతి. పోరులో మడిసిన ఆంగ్లేయుల సమాధులు మాత్రము నేటికిని ఆ చెంతనే నిలిచియున్నవి.