మంగలి కత్తి, మాదిగ తోలు

చేతి పనుల చరిత్ర మీద రాస్తున్న ఈ వరుసలో ఈసారి మంగలి కత్తి గురించి.

పోయిన నెల పుప్పాలగూడలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్లో నాకొక మడత కత్తి దొరికింది. పాడైన కంప్యూటర్ డబ్బాల కింద పడి ఉంది. పిడి విరిగింది, అలుగు నిండా తుప్పు. మొదలు దగ్గర ‘సోలింగెన్’ అన్న అక్షరాలు. ఇంగ్లండుకు షెఫీల్డ్ ఎట్లనో, కత్తులకు జర్మనీలో ఆ ఊరు అట్ల.

కిరసనాయిల్లో నానబెట్టి, సన్న ఉప్పు కాగితంతో తుప్పు తీసిన. మిషను చక్రం పెట్టలేదు. బాగా వేడెక్కితే ఉక్కు మెత్తబడి పదును నిలవదు. పిడికి తుమ్మ చెక్కను రెండు పలుచని బద్దలుగా కోసి, నున్నగా అరగదీసి, అవిసె నూనె పట్టించి, ఇత్తడి మేకులతో బిగించిన. మేకు మరీ బిగిస్తే కత్తి తెరుచుకోదు, వదులైతే మూసేటప్పుడు అంచు చెక్కకు తగులుతది. సానరాయి మీద గంటసేపు నూరినా గడ్డం తెగలే. పక్కనే సెలూన్ నడిపే పెద్దాయన చూసి నవ్విండు. “రాయి మీద నూరితే సరిపోదు బిడ్డా, ఆఖరుకు తోలు మీద తియ్యాలె” అని తన తోలు పట్టా ఇచ్చిండు.

ఆ తోలు ఎక్కడిది?

పాత ఊళ్లో ఇనుము సాగగొట్టింది కమ్మరి. చెక్క కోసింది వడ్లాయన. తోలు పదును చేసింది మాదిగ. సున్నపు నీళ్లల్ల వేసి వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్కతో రోజుల తరబడి నానబెడితే పచ్చి చర్మం తోలయితది. తంగేడు మన రాష్ట్ర పుష్పమని బళ్లె చెప్పిన్రు, దాని బెరడు సంగతి చెప్పలే.

మా తాత పదును చేసిన తోలు మీద మెరిసిన కత్తి మా తాత గడ్డాన్ని ముట్టలే. వాడలో చెట్టు కింద మావోళ్లు ఒకరి తల ఒకరు గొరిగేటోళ్లు.

ఇది మంగలిని తిట్టడానికి రాస్తలేను. నిజాం రాజ్యంలో ఆయనా వెట్టి చేసినోడే. దొర గడ్డం గీసి, ఒళ్లు పిసికి, కోతలప్పుడు కల్లంలో గింజలకు చెయ్యి చాపినోడు. కురుపు కోసి మందు కట్టింది ఆయన, కాన్పు చేసింది ఆయన ఇంటి ఆడామె. మమ్మల్ని ముడితే ఆ గింజలూ పోతయి. అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇదే. కింద ఇంకొకడు ఉన్నడన్న ధైర్యంతో ప్రతోడు పైవాని కాలు మోస్తడు.

కానీ మంగలి ‘గొరగను’ అన్న ఇంకో చరిత్ర ఉంది. 1890లో బొంబాయిలో, ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కూడగడితే, మంగళ్లు వితంతువుల తలలు గొరగమని సమ్మె చేసిన్రు. గొరగననుడు రెండు చోట్లా ఉంది. ఒకచోట అది ఆడవాళ్ల అవమానాన్ని ఆపింది, ఇంకోచోట మా అవమానాన్ని నిలబెట్టింది. కత్తి ఎవరి పక్షాన నిలబడ్డదన్నదే తేడా.

రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. అంటరానితనం పేరుతో సేవ నిరాకరిస్తే నేరమని 1955 చట్టం చెప్పింది. అయినా ఫలానా ఊళ్లో దళితులకు క్షవరం చేయలేదన్న వార్తలు ఇంకా చదువుతనే ఉన్నం. మన దేశంలో 1986లో హెచ్‌ఐవీ బయటపడ్డంక, మనిషికో కొత్త బ్లేడు అన్న మాట సెలూన్లదాకా వచ్చింది. రోగానికి భయపడి కత్తిని మార్చినం. చట్టానికి భయపడి అంత తొందరగా మారలేదు.

పుప్పాలగూడ సెలూన్లో నన్ను ఎవరూ కులం అడగలే. కిరాయి ఇంటికి పోయినప్పుడు అడిగిన్రు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. పండక్కి ఇంటికి పోయినప్పుడు తాతను, అమ్మమ్మను అడగండి: మీ చిన్నప్పుడు మన తల ఎవరు గొరిగిన్రు, ఎక్కడ కూసోబెట్టిన్రు, బదులుగా ఏమిచ్చిన్రు? ఊరు పేరుతో సహా రాసుకోండి. వాళ్లు పోతే ఆ చరిత్రా పోతది.

కత్తి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మొన్న దానితోనే మా నాయన గడ్డం గీసిన.

జై భీమ్.