తెరముందు వ్యాయామము

మన ఇండ్లలో ఇటీవల తరచుగా కానవచ్చు దృశ్యమొకటి కలదు. పిల్లవాడు టెలివిజను తెరముందు నిలిచి, చేతులు విసరుచు, వంగుచు, ఎగురుచు, చెమటోడ్చి ఆడుచుండును. "ఇది ఆటా, కసరత్తా?" అని తాతగారు అడుగుదురు. "రెండూనూ తాతయ్యా" అని మనుమడు చెప్పును. "అయితే నీ ఒళ్లు గట్టిపడిందా?" అని తాతగారు మరల అడుగునప్పటికి మనుమడు ఆటలో మునిగిపోయి యుండును. బదులు రాని ఆ రెండవ ప్రశ్నయే ఈ వ్యాసమునకు ప్రేరణము. వ్యాయామము చేయించు వీడియో ఆటలకు నలుబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను క్రమముగా పరిశీలించినచో ప్రశ్నకు సమాధానము దొరకునని మా నమ్మకము.

మనము తరతరములుగా స్థిరపడిన ప్రాంతములందు దేహసాధనకు వేర్వేరు పేర్లుగల నెలవులు కలవు. మైసూరు సీమలో గరడిమనె, కొల్హాపురములో తాలీము, పూరీలో జాగాఘరము, తెలుగునాట తాలింఖానా. పేర్లు వేరైనను పద్ధతి ఒక్కటే. వేళకు పోవుట, గురువు కన్నుముందర దండీలు, బస్కీలు తీయుట, తోడివారితో పెనగులాడుట. అట్టి సాధనచేతనే కోడి రామమూర్తినాయుడుగారి వంటి మల్లులు వెలువడిరి. 1882లో వీరఘట్టమున జన్మించిన ఆయన రొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, ఏనుగును ఎదపై నిలుపుకొనుట చూచి జనులు అచ్చెరువొందిరి. తుది దినములను ఒడిశాలోని బలాంగీరు పట్నాలో గడపి ఆయన 1942లో కీర్తిశేషులైరి. కాని ఆ ప్రదర్శనము చూచినంత మాత్రమున చూచినవారి రొమ్ము విశాలము కాలేదు. చూచుట వేరు, చేయుట వేరు. టెలివిజను వచ్చిన పిమ్మట చూచుటయే లోకమునకు అలవాటయ్యెను. దాని వెనుక వచ్చిన వీడియో ఆటలలో కన్నులకును వ్రేళ్లకును మాత్రమే పని దొరకెను. చూచువానిని మరల చేయువానిగా మార్చవలెనను యోచన అప్పుడు పుట్టెను.

ఆ యోచన మొదట అమెరికాలో రూపుదాల్చెను. 1982లో అమిగా అను సంస్థ జాయ్‌బోర్డు అను చిన్న బల్లను అమ్మకమునకు తెచ్చెను. ఆటగాడు దానిపై నిలిచి ఒడలిని ఏ దిక్కునకు ఒరగించిన తెరమీది మంచుజారుడు ఆటగాడును ఆ దిక్కునకే మరలును. ఆ కాలముననే అటారీ సంస్థలో పఫర్ అను పేర వేరొక ప్రయత్నము జరిగెను. నిలిచినచోటనే త్రొక్కు వ్యాయామ సైకిలును ఆటయంత్రమునకు జోడించి, కాళ్ల వేగమును తెరమీది బొమ్మ వేగముగా మార్చుట దాని ఉద్దేశము. కాని 1983లో అమెరికాయందు వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలెను. అటారీ మిక్కిలి దెబ్బతినెను. పఫర్ అంగడికి రాకయే ఆగిపోయెను.

పిమ్మట ఈ ప్రయత్నము జపానునకు తరలెను. 1986లో బాండాయ్ సంస్థ నింటెండోవారి యంత్రమునకు జోడించు చాపనొకదానిని చేసెను. దానికి ఫ్యామిలీ ట్రైనరు అని పేరు. అదియే 1988లో అమెరికాలో పవర్ ప్యాడ్ అను పేర వెలువడెను. చాపలో మీటలు దాగియుండును. వానిపై నిలిచి పరుగెత్తినట్లు పాదములు మోపినచో తెరమీది బొమ్మయు పరుగెత్తును. ఆలోచన చక్కనిదే. కాని గడుసు పిల్లలు కొందరు చాప ప్రక్కన కూర్చుండి, అరచేతులతో దానిని గబగబ చరచి, కాలు కదపకయే పరుగుపందెము గెలిచిరి! మీట నొక్కబడినదా లేదా అనునదే యంత్రమునకు తెలియును. నొక్కినది కాలో చేయో తెలియదు. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో మరల పని పడును.

1998లో జపానుదేశపు కొనామి సంస్థ డాన్స్ డాన్స్ రివల్యూషన్ అను ఆటను నాణెములు వేసి ఆడు ఆటశాలలలో నెలకొల్పెను. సంగీతము సాగుచుండగా తెరమీద బాణపు గుర్తులు పైకి లేచును; వానికి సరిగా కాలిక్రింది నాలుగు గుర్తులను తాళము తప్పక త్రొక్కవలెను. యువకులు గుంపులుగా చేరి, ఒకరు ఆడుచుండగా తక్కినవారు చూచుచు, వంతులు వేసికొని ఆడిరి. వ్యాయామము చేయుచున్నామను తలంపే వారికి లేదు. ఊపిరి మాత్రము ఎగసిపడెను. ఈ గుణమును గుర్తించి అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమువారు దీనిని తమ 765 ప్రభుత్వ పాఠశాలలకును చేర్చ నిశ్చయించినట్లు 2006లో ప్రకటించిరి. నాణెములు వేయించుకొను ఆట బడిలో వ్యాయామపాఠమగుట చరిత్రలో విశేషమే.

ఆ 2006లోనే నింటెండో సంస్థ వీ అను యంత్రమును వెలువరించెను. మీటలు నొక్కుటకు బదులు చేతిలోని పరికరమును టెన్నిసు బ్యాటువలె విసరవలెను. దానితో వచ్చిన వీ స్పోర్ట్సు అను ఆట 8 కోట్లకు మించిన ఇండ్లకు చేరెను. ముసలివారును, పసివారును కలిసి ఆడిరి. ఆ సంస్థలో ప్రసిద్ధ ఆటల రూపశిల్పియైన షిగెరు మియమోటో దినదినము తన బరువు తూచుకొని గీతపటముగా గీయుట వాడుకగా పెట్టుకొనెను. అది ఇంటిల్లిపాదికి ముచ్చటగా తోచుట గమనించి, తూచుకొనుటనే ఆటగా మార్చవచ్చునని ఆయన తలచెను. ఆ తలంపు ఫలితమే 2007 డిసెంబరులో జపానులో వెలువడిన వీ ఫిట్. ఆటగాడు నిలుచు బల్ల అతని బరువును, ఆ బరువు ఏ ప్రక్కకు మొగ్గుచున్నదియు తెలుపును. యోగాసనములు, కండల కసరత్తులు, తూకము నిలుపు ఆటలు అందు కలవు. 2 కోట్ల 20 లక్షలకు మించిన ప్రతులు అమ్ముడుపోయెను. ప్రపంచచరిత్రలో ఇన్ని ఇండ్లలో ఒక్కసారిగా ప్రవేశించిన వ్యాయామసాధనములు బహు అరుదు.

ఇక తాతగారి ప్రశ్నకు వత్తము. ఒడలు గట్టిపడినదా?

పండితులు పరీక్షించిరి. ఇంగ్లండులోని లివర్‌పూల్ పరిశోధకులు 13 మొదలు 15 యేండ్ల వయసుగల 11 మందిచే వీ స్పోర్ట్సు ఆడించి, దేహము వ్యయపరచు శక్తిని కొలిచి, 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు ప్రకటించిరి. కూర్చుండి ఆడు ఆటకంటె ఇది హెచ్చు శక్తిని వ్యయపరచునని తేలెను. కాని నిజమైన టెన్నిసుతోగాని, ముష్టియుద్ధముతోగాని ఇది తులతూగదనియు తేలెను. జపానులో 2010లో వెలువడిన పరిశోధన మరింత వివరమైనది. ఊరక కూర్చున్నప్పుడు దేహమునకగు వ్యయమును ఒకటిగా లెక్కించి, దానికి 3 రెట్లకు లోబడినది తేలిక శ్రమ, 3 మొదలు 6 రెట్లు మధ్యమ శ్రమ, అంతకు మించినది తీవ్రశ్రమ అని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వీ ఆటలలోని 68 అభ్యాసములను కొలువగా 46 తేలికవి, 22 మధ్యమములు. తీవ్రమైనది ఒక్కటియు లేదు.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న నిలుకడను గూర్చినది. అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయమువారు 8 కుటుంబములకు వీ ఫిట్ ఎరవిచ్చి మూడు నెలలు గమనించిరి. తొలి ఆరు వారములలో ఇంటికి దినమునకు 22 నిమిషములు సాగిన ఆట, మలి ఆరు వారములలో 4 నిమిషములకు దిగెను. పిల్లల దమ్ము కొంత పెరిగినను పెద్దలకు చెప్పదగిన మార్పు కానరాలేదు. 2012లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో 9 మొదలు 12 యేండ్ల పిల్లలకు యంత్రమును, ఒడలు కదలించు ఆటలను ఇచ్చి, ఎంత ఆడవలెనో విధింపక విడిచిరి. కూర్చుండి ఆడు ఆటలు పొందిన పిల్లలకంటె వీరు 13 వారములలో హెచ్చుగా కదలినట్లు తేలలేదు. న్యూజీలాండులో 322 మంది పిల్లలపై 24 వారములు జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో మాత్రము ఇట్టి ఆటలు పొందినవారి బరువు లెక్కలో మేలు కనబడెను. కాని ఆ మేలు స్వల్పము.

ఇంటినుండి వీథిలోనికి నడిపించిన ఆటకును ఇదే గతి పట్టెను. 2016లో పోకిమాన్ గో అను సెల్‌ఫోను ఆట లోకమును ఊపివైచెను. బొమ్మలను పట్టుటకై జనులు తోటలు, వీథులు తిరిగిరి. అమెరికాలోని యువజనులపై జరిగిన పరిశీలనమున తొలివారము ఒక్కొక్కరు దినమునకు సుమారు 955 అడుగులు అదనముగా వేసినట్లు తేలెను. ఆరవ వారమునకు ఆ హెచ్చు మాయమై యథాస్థితి ఏర్పడెను. 2019లో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచరు అను ఆట మాత్రము కొంత ముందంజ వేసినదనవలెను. చేతబట్టిన చక్రమును నొక్కుచు, తొడకు కట్టిన పరికరముతో పరుగెత్తుచు, బస్కీలు తీయుచు రక్కసులను జయింపవలెను. 2020లో మహమ్మారి కాలమున ఇల్లు కదలరాని జనులకు ఇది గొప్ప ఆసరా అయ్యెను. అంగళ్లలో దొరకుటయే దుర్లభమయ్యెను.

ఈ చరిత్రయంతటిలో ఒక్క సూత్రము కనబడుచున్నది. ఆట మనుష్యుని లేపగలదు, నిలుపలేదు. కూర్చున్నవానిని లేపుట చిన్న సంగతి కాదు. సిగ్గుచేతనో, స్థూలదేహముచేతనో నలుగురిలోనికి పోజాలని బిడ్డకు తన గదిలో మొదటి అడుగు వేయించుట మహోపకారమే. కాని కొత్తదనము తీరిన పిమ్మట ఆటకు తనంతట బలము లేదు. ఇచ్చట చాపను చేతులతో చరచిన పిల్లలను తలచుకొందము. యంత్రము గెలుపును లెక్కించును గాని శ్రమను లెక్కింపదు. నేటి పరికరములు నాటికంటె తెలివిగలవే. అయినను మణికట్టు విదిలింపుతో గెలువవచ్చునని తెలిసినవాడు భుజము కదల్పడు. తాలింఖానాలో గురువు కన్ను చేసిన పని ఇదే: గెలిచితివా అని గాక, వంగితివా అని చూచుట.

మా యనుభవమును చెప్పుటకు సంకోచము లేదు. మా యింటను ఇట్టి పరికరమొకటి కొంటిమి. తొలి మాసమున వంతులకై తగవులు. నాలుగవ మాసమునకు అది మేకుకు వ్రేలాడుచుండెను. దోషము యంత్రముది కాదు, మాదే. పిదప ఇంటి పెద్దామె సాయంకాలము ఆరుగంటలకని వేళ నిర్ణయించి, ప్రక్కయింటి పిల్లలనిద్దరిని పిలిచి, తాను కుర్చీలో కూర్చుండి "మోకాలు వంచరా!" అని గద్దించుట మొదలిడెను. అప్పటినుండి పరికరము మేకు ఎక్కలేదు. యంత్రము అదియే, ఆటయు అదియే. మారినవి మూడు: వేళ, తోడు, చూచు కన్ను.

కావున ఈ ఆటలు వ్యర్థమని మేము చెప్పము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన నియమముల ప్రకారము పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమ శ్రమ, రెండు దినములైనను కండలకు పని కావలెను. 5 మొదలు 17 యేండ్లవారికి సగటున దినమునకు 60 నిమిషములు కావలెను. ఊపిరి వేగము కాని ఆటను ఈ లెక్కలో చేర్చుకొనరాదు. మాటాడగలిగియు పాట పాడలేనంత ఊపిరి ఆడినప్పుడే మధ్యమ శ్రమయని గుర్తు. వృద్ధులకు వారమునకు మూడు దినములు తూకము నిలుపు అభ్యాసము మంచిదని ఆ సంస్థయే చెప్పుచున్నది. వీ బల్లవంటి సాధనములను ఫిజియోథెరపీ నిపుణులు ఇందుకై వాడియున్నారు. అయితే పెద్దలు ప్రక్కన మనిషిని, పట్టుకొనుటకు కుర్చీని ఉంచుకొని గాని ఆడరాదు. గుండెజబ్బు, మోకాలినొప్పి కలవారు వైద్యుని అడిగి మొదలిడవలెను. మితమును మరువరాదు: వీ టెన్నిసు గంటలకొలది ఆడి భుజము నొప్పి తెచ్చుకొన్న వైద్యుడొకడు తన కథను తానే 2007లో వైద్యపత్రికకు వ్రాసెను!

బరువు లెక్కను గూర్చియు ఒక మాట. వీ ఫిట్ ఎత్తును, బరువును గణించి మనిషిని సన్నము, సమము, స్థూలము అని నిర్ణయించెడిది. 2008లో బ్రిటనులో పదేండ్ల బాలికను అది స్థూలమనగా ఆ బిడ్డ నొచ్చుకొనెను, తలిదండ్రులు ఆక్షేపించిరి. ఎదుగు పిల్లల దేహమును అట్టి ఒక్క అంకెతో కొలువరాదు. యంత్రము మాటను బిడ్డ మనసునకు తగులనీయక పెద్దలు అడ్డుపడవలెను.

తుదకు మనవంటి కుటుంబములకు తెలిసిన సంగతియే చెప్పి విరమింతుము. కన్నడసీమలోను, తమిళనాటను, ఒడిశాలోను, మహారాష్ట్రమునను, యానాములోను తెలుగు మన ఇండ్లలో నిలిచినది పెద్దబాలశిక్ష కొని అలమరలో నుంచుటచేత కాదు. దినము ఒక వేళకు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివించిన తల్లిచేత, ఆదివారమునాడు నలుగురు చేరిన సమాజ మందిరముచేత నిలిచినది. దేహమునకును న్యాయము అదియే. ఆ మందిరములో వారమునకు రెండు సాయంకాలములు ఒక తెరను నిలిపి, పిల్లలను, పెద్దలను కలిపి ఆడించి, పిమ్మట ముంగిట చెడుగుడు ఆడనిచ్చినచో, తాతగారి రెండవ ప్రశ్నకు మనుమడు ఆట నాపి, కండ చూపి, తానే బదులు చెప్పును.